15 గ్రాముల పొయ్యి, సీసాలో అసలు చిక్కు

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు సైన్సు ల్యాబులోని సారాయి దీపం గుర్తుండే ఉంటుంది. బల్ల మీద గాజు బుడ్డి, దాని మూతిలోంచి పైకి తేలిన తెల్లటి వత్తి, వెలిగిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలియనంత లేత నీలం మంట. ఊది ఆర్పకూడదు, మూత బోర్లించే ఆర్పాలని మాస్టారు పదేపదే చెప్పే మాట. వీపున సంచి తగిలించుకుని కొండలెక్కేవాళ్లు ఇప్పుడు ముచ్చటపడుతున్న ఆల్కహాల్ స్టవ్ ఆ సారాయి దీపానికి తమ్ముడు. వత్తి తీసేశారు, గాజు బుడ్డి బదులు కూల్‌డ్రింక్ డబ్బా అడుగు ముక్కలు రెండు పెట్టారు, అంతే. బరువు 10 నుంచి 15 గ్రాములు. అరచేతిలో రెండు పది రూపాయల బిళ్లలు పెట్టుకుంటే ఎంత ఉంటుందో అంత.

అంత తేలికైన వస్తువు కాబట్టే దాని మీద అంత మోజు. కానీ ఈ పొయ్యి గురించి చెప్పుకునే లెక్కలన్నీ అమెరికా అడవి బాటల్లో పుట్టినవి. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలేచియన్ ట్రైల్ మీద నెలల తరబడి నడిచేవాళ్లు నాలుగైదు రోజులకోసారి ఏదో ఒక ఊళ్లో ఆగి సరుకులు కొనుక్కుంటారు. అక్కడ పెట్రోలు బంకులో, హార్డ్‌వేర్ కొట్లో కారు ఇంధనంలో కలిపే పసుపు సీసా మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) ఇట్టే దొరుకుతుంది. పొయ్యి చెత్తబుట్టలోని డబ్బాతో తయారవుతుంది, ఇంధనం బంకులో దొరుకుతుంది. ఇక గ్యాసు డబ్బా మోసుకెళ్లాల్సిన పనేముంది? అక్కడ ఆ తర్కానికి తిరుగులేదు. దాన్నే విజయవాడ రైల్వే స్టేషన్‌లో నిలబెట్టి చూస్తే చాలా వరకు సడలిపోతుంది. 15 గ్రాముల పొయ్యి గొప్పతనం నిజమే, కానీ మన దగ్గర తేల్చుకోవాల్సింది పొయ్యి సంగతి కాదు. సీసాలో ఏం పోస్తాం, ఎక్కడ కొంటాం, ఎలా తీసుకెళతాం, ఎండలో అది ఎలా ప్రవర్తిస్తుంది అన్నదే అసలు చిక్కు.

మంట సంగతి

పెట్రోమాక్స్ లైటు వెలిగించడం చూసినవాళ్లకు ఈ పొయ్యి సూత్రం సగం తెలిసినట్టే. అందులో ముందుగా చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగిస్తారు. గొట్టం వేడెక్కి కిరసనాయిలు ఆవిరయ్యాక గానీ మాంటిల్ తెల్లగా వెలగదు. డబ్బా పొయ్యిలోనూ ముందు వేడెక్కడం, తర్వాత మండటం అనే రెండు దశలున్నాయి. రెండింటికీ ఇంధనం ఒకటే.

మేడ మీద పిట్టగోడ నీడలో ఒకసారి వెలిగించి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. రెండు డబ్బా అడుగులు ఒకదానిలో ఒకటి దూర్చి చేసిన గిన్నె అది. రెండు గోడల మధ్య సన్నటి సందు, పై అంచు చుట్టూ సూదితో పొడిచిన చిల్లులు. మధ్యలో 20 మిల్లీలీటర్ల స్పిరిట్ పోసి అగ్గిపుల్ల చూపితే మొదటి అరనిమిషం మంట నడుమన బద్ధకంగా ఊగుతూ ఉంటుంది. ఈలోగా గోడలు వేడెక్కుతాయి. సందులో చేరిన ఇథనాల్ (స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్ ఇదే) 78 డిగ్రీల దగ్గర మరగడం మొదలై, ఆవిరికి వేరే దారి లేక అంచు చిల్లుల్లోంచి తోసుకొస్తుంది. ఒక్కో చిల్లు దగ్గర ఒక్కో నాలుక లేచి, కాసేపటికి వంటింటి గ్యాసు బర్నర్ లాంటి వలయం కుదురుతుంది. అల్యూమినియం రేకు వెంట్రుక కంటే ఏమంత మందం కాదు, అయినా కరగదు. లోపల ద్రవం ఉన్నంతసేపూ గోడ వేడి ఆ మరుగు స్థానం దగ్గరే తచ్చాడుతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి.

మసి పట్టకపోవడం దీని రెండో సుగుణం. కట్టెల పొయ్యి కాలంలో గిన్నె అడుగున మట్టి పూసి మరీ పొయ్యెక్కించేవారు, తర్వాత తోముకోవడం తేలికని. ఇథనాల్ అణువులో కార్బన్ తక్కువ, సొంతంగా కొంత ఆక్సిజన్ ఉంటుంది. అందుకే మంట శుభ్రంగా, నీలంగా ఉంటుంది. గిన్నె అడుగు తుడిస్తే గుడ్డకు నలుపు అంటదు.

ఈ జాతి పొయ్యిల్లో పెద్దన్న స్వీడన్‌వాడు. 1925లో మొదలైన ట్రాంగియా కంపెనీ 1951 నుంచి గాలికి అడ్డుతో సహా గిన్నెల సెట్టు అమ్ముతోంది. దాని ఇత్తడి బర్నర్ ఒక్కటే 110 గ్రాములు తూగుతుంది. మంట తగ్గించే రింగు, బిగుతైన మూత ఉంటాయి, మిగిలిన స్పిరిట్ అందులోనే దాచుకోవచ్చు. డబ్బా పొయ్యికి ఈ సదుపాయాలేవీ లేవు. పోసినంతా మండిపోవాలి, లేదా మూత బోర్లించి ఆర్పి, చల్లారాక ఒంపుకోవాలి. పిల్లి మేత డబ్బాకు చుట్టూ చిల్లులు పొడిచి చేసే రకం మరొకటి ఉంది. గిన్నె నేరుగా దాని మీదే కూర్చుంటుంది కాబట్టి స్టాండు బరువు మిగులుతుంది. మన ఊళ్లో పిల్లి మేత డబ్బాలు వెతుక్కునే బాధ లేకుండా ఆ సైజు రేకు డబ్బా ఏదైనా సరిపోతుంది.

అరటిపండంత ఆదా

అరలీటరు నీళ్లు 28 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరాలంటే సుమారు 150 కిలోజౌళ్ల వేడి కావాలి. గ్రాము ఇథనాల్ మండితే 26.8 కిలోజౌళ్లు వస్తాయి. మంటలో సగమే గిన్నెకు ఎక్కుతుందనుకుంటే (గాలికి అడ్డు సరిగ్గా ఉంటేనే ఆ సగమైనా) దాదాపు 12 గ్రాములు, అంటే 15 మిల్లీలీటర్ల 95 శాతం స్పిరిట్ ఖర్చవుతుంది. ఆరేడు నిమిషాలు పడుతుంది. అదే గ్యాసైతే గ్రాముకు 45 కిలోజౌళ్లకు పైగా ఇస్తుంది కాబట్టి 6, 7 గ్రాములు చాలు, సమయమూ సగమే.

ఇంధనంగా చూస్తే ఆల్కహాల్ బలహీనమన్నది స్పష్టం. అది గెలిచేది పొయ్యి, సీసా బరువుల్లో. చిన్న గ్యాసు డబ్బాలో 100 గ్రాముల గ్యాసుంటే ఖాళీ డబ్బా కూడా ఇంచుమించు అంతే తూగుతుంది, దాని మీద బిగించే బర్నర్ మరో 75 గ్రాములనుకుందాం. మొత్తం 275. ఇటు డబ్బా పొయ్యి, తీగ స్టాండు, గాలికి అడ్డు రేకు, ప్లాస్టిక్ సీసా అన్నీ కలిపి 70 గ్రాములు. మూడు రోజులకు రోజుకు రెండుసార్ల చొప్పున ఆరుసార్లు నీళ్లు కాచుకుంటే 72 గ్రాముల స్పిరిట్. మొత్తం 142. మిగిలింది 130 గ్రాముల చిల్లర.

ఒక అరటిపండు బరువన్నమాట. రోజులు పెరిగేకొద్దీ ఈ ఆదా కూడా కరిగిపోతుంది. 30 సార్లు కాచుకునే ప్రయాణానికి 230 గ్రాముల పెద్ద గ్యాసు డబ్బా తీసుకున్నా రెండూ దాదాపు సమానమవుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వండుకునేటప్పుడు అంతకంటే ముందే తేలిపోతుంది. కిలో బరువున్న చెప్పుల జత, రెండు లీటర్ల నీళ్లు, ఎందుకైనా మంచిదని పెట్టుకున్న దుప్పటి మోస్తూ పొయ్యి దగ్గర 130 గ్రాములకు లెక్కలు కట్టడం కాస్త నవ్వు తెప్పించే విషయమే. పొయ్యి బరువు ఆఖరున తగ్గించుకోవాల్సినది, మొదట కాదు.

మేడ మీద చేసిన పరీక్ష కొండ మీద పనికిరాదన్నది ఇంకో సంగతి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ట్యాంకు నీళ్లు కుళాయిలోనే కాగి వస్తాయి. 40 డిగ్రీల నీళ్లతో మొదలుపెట్టి అయిదు నిమిషాల్లో మరిగిందని మురిసిపోతే అందులో పొయ్యి గొప్పేమీ లేదు. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి చోటికి వెళ్తే ఊట నీళ్లు 5 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. శిఖరం 12,500 అడుగులు, అక్కడ నీళ్లు 87, 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కొంత కలిసొస్తుంది, అయినా ఖర్చు ఎక్కువే. మంచు కరిగించి నీళ్లు చేసుకోవాల్సి వస్తే కరిగించడానికే అరలీటరుకు మరో 167 కిలోజౌళ్లు పోస్తాం. లెక్క రెట్టింపు. పైగా ఇథనాల్ ఫ్లాష్ పాయింట్ 13 నుంచి 17 డిగ్రీల మధ్య. అంతకంటే చల్లబడిన స్పిరిట్ మీద తగినంత ఆవిరి లేవదు, అగ్గిపుల్లలు వృథా అవుతుంటాయి. సీసాను జేబులో పెట్టుకుని ఒంటి వేడితో వెచ్చబెట్టుకోవడమే ఉపాయం.

అన్నం తినే జాతికి

ఈ పొయ్యి నీళ్లు కాచడానికి పుట్టింది, వంటకు కాదు. పాశ్చాత్యులు ఎండబెట్టిన భోజనం పొట్లంలో వేడినీళ్లు పోసుకుని తింటారు, వాళ్లకది చాలు. అన్నం మరిగాక మరో పావుగంట సన్నటి సెగ మీద మగ్గాలి. డబ్బా పొయ్యిలో సన్నటి సెగ అంటూ ఉండదు. మండితే 800 వాట్ల మంట, లేకుంటే ఆరిపోవడం. అడుగు మాడి, పైన పలుకుగా మిగిలిన అన్నం తిన్నాక చాలామంది పొయ్యిని తిట్టుకుంటారు గానీ తప్పు పొయ్యిది కాదు.

వేడినీళ్ల వంటలు మన దగ్గర లేక కాదు. అటుకులకు వేడినీళ్లు చిలకరిస్తే అయిపోతుంది, ఇంట్లోనే వేయించి తెచ్చుకున్న తాలింపు కలుపుకుంటే టిఫిను. ఉప్మా ఇంకా బాగా కుదురుతుంది. ఇంటి దగ్గరే రవ్వను నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో కమ్మగా వేయించి, ఉప్పు కలిపి, చల్లారాక పొట్లం కట్టుకోవాలి. కొండ మీద 100 గ్రాముల రవ్వకు 300 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లించి, రవ్వ పోసి కలిపి, మూత పెట్టి, పొయ్యి ఆరిపోయాక గిన్నెను తువ్వాలులో చుట్టి పది నిమిషాలు పక్కన పెడితే చాలు. సెగ పనంతా తువ్వాలు చేస్తుంది. పది మిల్లీలీటర్ల స్పిరిట్‌తో ఒకరి కడుపు నిండుతుంది. రాగిపిండి జావ, చారు పొడి, కాఫీ అన్నీ ఇదే కోవలోవి.

గిన్నె విషయంలో టైటానియం మోజు అక్కర్లేదు. మన వంటిళ్లలో సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నె తేలిక, చవక, వేడిని స్టీలు కంటే పది రెట్లకు పైగా వేగంగా పాకిస్తుంది. 12, 13 సెంటీమీటర్ల వెడల్పు అడుగు ఉంటే మంట పక్కలకు జారిపోదు. పొయ్యి అంచుకు, గిన్నె అడుగుకు మధ్య రెండున్నర, మూడు సెంటీమీటర్ల ఎడం కావాలి. అంతకు తగ్గితే మంటకు గాలాడదు, పెరిగితే వేడి గాలిపాలు. వంటింట్లో వాడే ఫాయిల్ నాలుగు మడతలు వేసి, అడుగున గాలి దూరేందుకు చిల్లులు పెట్టి చుట్టూ నిలబెడితే గాలికి అడ్డు సిద్ధం. కృష్ణ ఒడ్డున సాయంత్రప్పూట వీచే గాలిలో ఈ రేకు లేకుండా ప్రయత్నిస్తే 15 మిల్లీలీటర్ల పని 30తో కూడా కాదు.

ఎండలో కనిపించని మంట

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా సౌకర్యం సంగతి. మన వాతావరణానికి నేరుగా తగిలే విషయం ఇంకొకటుంది, ఈ పొయ్యి గురించి మాట్లాడేవాళ్లు దాన్ని తరచూ ఒక్క వాక్యంతో దాటేస్తారు.

మూత బిగించిన సీసాలో ద్రవం పైన ఖాళీ చోటు ఉంటుంది. అందులో గాలి, ఇంధనపు ఆవిరి కలిసి ఉంటాయి. ఆ మిశ్రమానికి నిప్పు తగిలితే అంటుకుంటుందా లేదా అన్నది ఆవిరి పాలును బట్టి ఉంటుంది. మరీ తక్కువైతే అంటుకోదు, మరీ ఎక్కువైనా గాలి చాలక అంటుకోదు. పెట్రోలు ఆవిరి 7.6 శాతం దాటితే మండే హద్దు మించిపోతుంది. మామూలు ఎండలో పెట్రోలు డబ్బా లోపల ఆవిరి ఆ హద్దుకు చాలా పైనే ఉంటుంది. మంట మూతి దగ్గర ఆగుతుంది గానీ లోపలికి దూరడం అరుదు. ఇథనాల్ మండే హద్దులు 3.3 నుంచి 19 శాతం. సీసాలో దాని ఆవిరి పాలు 20 డిగ్రీల దగ్గర 6 శాతానికి కాస్త తక్కువ, 30 డిగ్రీల దగ్గర 10 శాతం, 40 డిగ్రీల దగ్గర 18 శాతానికి చేరువ. అంటే సుమారు 13 డిగ్రీల నుంచి 40 డిగ్రీల వరకు స్పిరిట్ సీసా లోపలి గాలి ఎప్పుడూ అంటుకునే పాకంలోనే ఉంటుంది. విజయవాడ, గుంటూరు ఏడాదిలో చాలా భాగం బతికేది సరిగ్గా ఆ డిగ్రీల మధ్యే.

దీనికి మిట్టమధ్యాహ్నపు వెలుగు తోడైతే ప్రమాదం పూర్తవుతుంది. ఇథనాల్ నీలం మంట ఎండలో కనిపించదు, మిథనాల్‌దైతే అసలే కనిపించదు. గిన్నె కింద మంట ఆరిపోయిందనుకుంటారు, నీళ్లింకా మరగలేదు. సీసా మూత తీసి పొయ్యిలోకి ఒంపుతారు. అడుగున మిగిలిన మంట ధార వెంట పాకి సీసాలోకి దూరుతుంది. లోపలి మిశ్రమం ఒక్క ఉదుటున అంటుకుని, మిగిలిన స్పిరిట్‌ను మండుతున్న ధారగా మూతిలోంచి బయటికి విసిరేస్తుంది. ఒంపినవాడికంటే ఎదురుగా కూర్చున్నవాడికే ఎక్కువ గాయాలవుతాయి. అమెరికా బడుల్లో రంగుల మంటలు చూపించబోయి మిథనాల్ సీసాతో ఇలాగే పిల్లలు కాలిపోతుంటే, అక్కడి రసాయన భద్రతా బోర్డు 2014లో ప్రత్యేకంగా హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది.

కాబట్టి మండుతున్న పొయ్యిలో, ఆరిందనిపించిన పొయ్యిలో సీసాతో ఒంపడమన్నదే వద్దు. కావాల్సినంతా ముందే కొలిచి పోసుకోవాలి. దగ్గు మందు సీసాతో వచ్చే 15 మిల్లీలీటర్ల చిన్న కప్పు ఇందుకు బంగారంలా పనికొస్తుంది. ఒక కప్పుకు అరలీటరు. చాలకపోతే పొయ్యిని నీడలోకి తెచ్చి చూసి, దాని మీద ఎండుటాకు చివర పెట్టి అంటుకోలేదని నిర్ధారించుకుని, చేత్తో తాకగలిగేంత చల్లారాక, మూత బిగించిన సీసాను పది అడుగుల దూరాన పెట్టాక, మళ్లీ కప్పుతోనే పోయాలి. ఆర్పడానికి ఒక రేకు డబ్బా బోర్లిస్తే చాలు. ఊదితే మంట చేతి మీదికి వస్తుంది. స్పిరిట్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి నేల మీద ఒలికి మండుతుంటే నీళ్లు ధారాళంగా పోసి ఆర్పవచ్చు, కిరసనాయిలుకు ఆ వీలు లేదు. అలాగని నిండా మండుతున్న పొయ్యిలో గ్లాసుడు నీళ్లు పోస్తే అది పొంగి మంటను చుట్టూ పరుస్తుంది.

గుడారంలో వెలిగించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. నైలాను గుడ్డ కరిగి ఒంటికి అతుక్కోవడం ఒకటి, మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరడం ఒకటి. రెండింటిలో ఏదీ రెండో అవకాశం ఇచ్చే రకం కాదు.

ఏ స్పిరిట్?

కొట్లో స్పిరిట్ అని అడిగితే చేతికొచ్చేది ఒకటే రకం కాదు. లక్క పాలిష్ పట్టే వడ్రంగులు లక్కను కరిగించేది డీనేచర్డ్ స్పిరిట్‌లో. అంటే ఇథనాల్‌ను తాగడానికి పనికిరాకుండా మరేదో కలిపి చెడగొట్టినది. మండటానికి అది మంచిదే, కానీ దాని అమ్మకం, నిల్వ ఎక్సైజ్ చట్టం కిందకు వస్తాయి. లీటర్ల కొద్దీ లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. పెయింట్ల కొట్లో పక్క అరలోనే ఉండే థిన్నర్ ఆల్కహాల్ కాదు. అందులో టోలీన్ లాంటి ద్రావకాలుంటాయి, డబ్బా పొయ్యిలో పోస్తే నల్లటి పొగతో భగ్గుమంటుంది. కొట్టువాడు రెండూ ఒకటేనన్నా నమ్మకూడదు.

మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ మామూలు మనిషికి అందుబాటులో ఉన్న దారి. చీటీ మీద ఇథనాల్ ఎంత శాతమో చూసుకోవాలి. ఐసోప్రొపైల్ అని ఉంటే అది వేరే ఆల్కహాల్. వేడి బాగానే ఇస్తుంది గానీ మంట పచ్చగా, మసిగా ఉంటుంది. 70 శాతం శానిటైజర్ అయితే మూడో వంతు నీళ్లు మోస్తున్నట్టే. ముందు ఆల్కహాల్ మండిపోయి, చివర నీళ్లు మిగిలి, గిన్నె తెర్లకముందే ఆరిపోతుంది. ఫంక్షన్ హాళ్లలో బఫే గిన్నెల కింద పెట్టే జెల్ డబ్బాలు కూరను వెచ్చగా ఉంచడానికి చేసినవి, చన్నీళ్లను తెర్లించే దమ్ము వాటికి లేదు. గుడి ముందు కొనే కర్పూరంతో కాచుకుందామనుకునేవాళ్లకు గిన్నె అడుగు చూశాక ఆ సరదా తీరిపోతుంది.

సందేహం తీర్చుకునే మార్గం సులువే. స్టీలు మూతలో ఒక చెంచా పోసి, నీడలో, గాలి లేని చోట వెలిగించి చూడాలి. మంట నీలంగా మండి, చివరికి మూతలో రెండు మూడు చుక్కల తడి మాత్రమే మిగిలితే సరుకు మంచిది. గుమ్మడిపువ్వు రంగులో మండి మూతకు నల్లటి పొర కట్టినా, చెంచాలో పావు వంతు నీళ్లు మిగిలినా వద్దు.

మిథనాల్ జోలికి పోకపోవడమే మేలు. అమెరికా నడకదారుల్లో దాన్ని విరివిగా వాడతారన్నది నిజం. కానీ అది ఒంట్లోకి వెళితే ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చర్మం గుండానూ, ఆవిరిగానూ లోపలికి పోగలదు. వేడి కూడా ఇథనాల్ కంటే తక్కువే, 15 మిల్లీలీటర్ల చోట 19 కావాలి. ఇంట్లో, గుడారం దగ్గర ఏ రకం స్పిరిట్‌నైనా మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం మన అలవాట్లలోకెల్లా చెడ్డది. దాహమేసినవాడు చీకట్లో మూత తీసి గుక్క తాగుతాడు. తెలిసి తాగేవాళ్ల సంగతి సరే సరి. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. సీసా ఆకారమే వేరుగా ఉండాలి, మూత రంగు వేరుగా ఉండాలి, మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఉండాలి.

రైలు, అడవి

విజయవాడ ఎంత పెద్ద జంక్షనో అందరికీ తెలుసు. ఇక్కడి నుంచి దూరపు కొండలకు వెళ్లేవాళ్లు ఎక్కేది రైలే. రైల్వే చట్టం, 1989లోని 67వ సెక్షన్ ప్రమాదకరమైన సరుకులను వెంట తీసుకెళ్లడాన్ని నిషేధిస్తుంది. 164వ సెక్షన్ దానికి మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. గ్యాసు డబ్బాకైనా స్పిరిట్ సీసాకైనా ఇది ఒకటే. విమానంలో కథ ఇంతకంటే కఠినం, వాడిన పొయ్యికి వాసన మిగిలి ఉన్నా ఆపేస్తారు. అంటే సంచిలో 15 గ్రాముల పొయ్యి వెళుతుంది, ఇంధనం మాత్రం దిగిన ఊళ్లో కొనుక్కోవాలి. ఇక్కడ ఆల్కహాల్‌కు ఒక మెరుగు ఉంది. ట్రెక్కింగ్ గ్యాసు డబ్బా ఎక్కడపడితే అక్కడ దొరకదు గానీ మందుల షాపు లేని ఊరుండదు.

దగ్గరి కొండల మాటకొస్తే సమస్య వేరు. కొండపల్లి కోట చుట్టూ ఉన్నది రిజర్వ్ ఫారెస్టు, నల్లమల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం. పొయ్యి చిన్నదన్న మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. డబ్బా పొయ్యికి ఆర్పే మీట ఉండదు, తంతే దొర్లుతుంది, దొర్లితే మండుతున్న ద్రవం ఎండుగడ్డిలోకి పారుతుంది. 2012 మే నెలలో అమెరికాలోని కొలరాడోలో ఒక ట్రెక్కర్ స్టవ్ నుంచి మొదలైన హ్యూలెట్ మంటలు ఏడు వేల ఎకరాలకు పైగా తగలబెట్టాయి. అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో ఎండాకాలం ఆంక్షలు పెట్టినప్పుడు మీట ఉన్న గ్యాసు స్టవ్‌లను అనుమతించి, మీట లేని ఆల్కహాల్ స్టవ్‌లను ఆపేయడం మామూలు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా మన కొండల మీది గడ్డి ఎలా ఉంటుందో చూసినవాళ్లెవరూ ఆ నియమాన్ని తప్పుపట్టరు.

అయినా కొండపల్లికో కొండవీటికో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేవాళ్లకు పొయ్యి దేనికి? పులిహోర కట్టుకెళితే సాయంత్రం దాకా చెడదు, ఫ్లాస్కులో టీ ఉంటుంది. మన పెద్దలు కోటప్పకొండ తిరణాళ్లకు ఏ స్టవ్ మోసుకెళ్లారని?

ఈ పొయ్యి నిజంగా అమరేది బైకు మీద తిరిగేవాళ్లకు. విజయవాడ నుంచి 300 కిలోమీటర్లకు పైగా బండి నడిపి లంబసింగి చేరేవాళ్లకు రైలు నిబంధన అడ్డురాదు. దారిలో ఏ ఊళ్లోనైనా మందుల షాపులో సీసా కొనుక్కోవచ్చు. కాకపోతే బండి పక్క సంచిలో సైలెన్సర్ సెగ తగిలే వైపు కాకుండా రెండో వైపు పెట్టుకోవాలి. డిసెంబరు తెల్లవారుజామున అక్కడ వేళ్లు కొంకర్లు పోయే చలి. అడవి హద్దు దాటి, బస చేసిన ఇంటి ముందు గచ్చు మీదో రాతి మీదో పొయ్యి పెడితే ఒకరిద్దరికి కాఫీ నీళ్లు తేలిగ్గా కాగుతాయి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు కాబట్టి నీళ్లు 96, 97 డిగ్రీలకే తెర్లుతాయి. ఆ చీకట్లో మంట కూడా చక్కగా కనిపిస్తుంది.

దూరపు ట్రెక్కు నుంచి రైల్లో తిరిగొచ్చేవాళ్లకు చివర్లో ఒక పని మిగులుతుంది. సీసాలో ముప్పై నలభై మిల్లీలీటర్లు మిగిలే ఉంటాయి, పారబోయడానికి మనసొప్పదు, బండెక్కించడానికి చట్టం ఒప్పదు. స్టేషన్‌కు బయల్దేరేముందే బస దగ్గర ఇంకో రెండు విడతల నీళ్లు కాచేసి, గిన్నెలు కడుక్కుని, సీసాను మూత తీసి గాలికి ఆరబెట్టి, పొయ్యి పూర్తిగా వాసన పోయాక సంచిలో సర్దుకోవాలి.